భయాన్ని చదివిన శాస్త్రవేత్త – ఇవాన్ పావ్‌లోవ్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ ఒక మహనీయుని జీవిత చరిత్ర వేయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, జాషువా గారి గురించి, సావిత్రీబాయి ఫూలే గారి గురించి మన అన్నయ్యలు ఇదివరకే రాశారు. ఈసారి పాత విద్యార్థులమైన మేము రష్యా దేశపు శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ గురించి రాస్తున్నాము. గంట మోగితే కుక్కకు నోరూరడమనే పాఠం అందరికీ తెలిసిందే. మన హాస్టల్లో అయితే ఆ పాఠం చదవక్కర్లేదు. భోజనం గంట కొట్టి, పళ్ళాల చప్పుడు వినబడితే చాలు, మనకూ నోరూరుతుంది. అయితే బెదిరిన కుక్క ఎందుకు మీద పడుతుంది, ఆ బెదురు ఎలా పోతుంది అనే ప్రశ్నలకు దారి చూపినవారిలో కూడా పావ్‌లోవ్ గారే మొదటి వరుసలో ఉన్నారు. రావివలసలో మాకు ఆయన ఎలా అవసరపడ్డారో చివర్లో చెబుతాము.

బాల్యం, చదువు

ఇవాన్ పెత్రోవిచ్ పావ్‌లోవ్ 1849 సెప్టెంబరు 26న రష్యాలోని రియాజాన్ పట్టణంలో జన్మించారు. తండ్రి చర్చిలో మతగురువు. చిన్నతనంలో ఎత్తు మీద నుంచి రాతి నేల మీద పడి బాగా దెబ్బలు తగలడంతో 11 ఏళ్ళు వచ్చేవరకు ఆయన బడి ముఖం చూడలేదు. తరువాత మతగురువుల పాఠశాలలోనే చదివారు. తండ్రిలాగే ఆయనా చర్చిలో స్థిరపడతాడని ఇంట్లోవారు అనుకున్నారు. కాని డార్విన్ సిద్ధాంతం, మెదడు పని గురించి సెచెనోవ్ రాసిన పుస్తకం ఆయన మనసు మార్చాయి. 1870లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రాలు చదవడానికి వెళ్ళారు. 1879లో వైద్య పట్టా, 1883లో డాక్టరేట్ సంపాదించారు.

చదువు ఉన్నా చేతిలో డబ్బు లేదు. 1881లో సెరాఫిమాను పెళ్ళి చేసుకున్నాక చాలా ఏళ్ళు ఇబ్బందులే. పసివాడైన కొడుకు చనిపోయాడు. 1884 నుంచి 1886 వరకు జర్మనీలో ఇద్దరు పెద్ద శాస్త్రవేత్తల దగ్గర పని నేర్చుకొని వచ్చినా, స్థిరమైన ప్రొఫెసర్ ఉద్యోగం 1890లో గాని రాలేదు. అప్పటికి ఆయనకు 40 ఏళ్ళు. ఇంకా ఉద్యోగం రాలేదని దిగులుపడే మన పాత విద్యార్థులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

నోబెల్ బహుమతి

1891 నుంచి ప్రయోగ వైద్య సంస్థలో ఆయన కుక్కల జీర్ణరసాల మీద పరిశోధన చేశారు. అంతకుముందు ఇలాంటి ప్రయోగాలలో జంతువు ఎక్కువసేపు బతికేది కాదు. పావ్‌లోవ్ గారు మత్తు ఇచ్చి, శుభ్రమైన పద్ధతిలో ఆపరేషన్ చేసి, కుక్క కోలుకున్నాకే పరిశీలన మొదలుపెట్టేవారు. ఈ కృషికి 1904లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. రష్యా దేశానికి వచ్చిన మొదటి నోబెల్ బహుమతి అదే.

ఆ పరిశోధనలోనే ఒక వింత కనిపించింది. తిండి నోటిలో పడకముందే, తిండి తెచ్చే మనిషిని చూడగానే కుక్కకు లాలాజలం ఊరేది. దానినే పట్టుకొని మిగిలిన జీవితమంతా పని చేశారు. గంట కంటే మెట్రోనోమ్ అనే తాళపు యంత్రం, బజర్, దీపం, చర్మం మీద తాకిడి వంటివి ఆయన ప్రయోగశాలలో ఎక్కువగా వాడేవారు. ఏదైనా ఒక గుర్తు తరువాత వరుసగా తిండి పెడితే, కొన్నాళ్ళకు ఆ గుర్తుకే నోరూరుతుంది. తిండి పెట్టకుండా గుర్తు మాత్రమే చూపుతూ పోతే ఆ అలవాటు తగ్గిపోతుంది. వీటికి నిబంధిత ప్రతిచర్యలు అని పేరు.

బెదిరిన కుక్కలు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. ఆయన దగ్గర పని చేసిన యెరోఫెయెవా అనే శాస్త్రవేత్త కుక్కకు కొద్దిపాటి కరెంటు షాక్ ఇచ్చి వెంటనే తిండి పెట్టేది. మొదట గింజుకున్న కుక్క క్రమంగా ఆ షాక్‌నే తిండి వస్తుందనే గుర్తుగా తీసుకొని, తోక ఆడిస్తూ నోరూరించుకోసాగింది. అంటే భయపెట్టే గుర్తుకు మంచిదాన్ని జతచేస్తే దాని అర్థమే మారిపోతుంది.

ఇంకొక శాస్త్రవేత్త షెంగర్-క్రెస్టోవ్నికోవా. వృత్తం చూపితే తిండి, కోలగా ఉన్న ఆకారం చూపితే తిండి లేదు అని ఆమె ఒక కుక్కకు నేర్పింది. తరువాత కోల ఆకారాన్ని రోజురోజుకూ వృత్తానికి దగ్గరగా తెచ్చింది. నిడివి, వెడల్పులు 9:8 పాళ్ళకు వచ్చేసరికి ఏది ఏదో కుక్క తేల్చుకోలేకపోయింది. అంతవరకు నెమ్మదిగా నిలబడిన కుక్క కీచుమని అరిచింది, మెలికలు తిరిగింది, పరికరాలను కొరికి పీకింది. సులువైన పాఠం కూడా మరిచిపోయింది. దానికి పొగరు లేదు, పిచ్చీ లేదు. మోయలేని బరువు మెదడు మీద పడింది, అంతే.

1924 సెప్టెంబరు 23న లెనిన్‌గ్రాడ్ నగరాన్ని వరద ముంచింది. కుక్కలను నీటిలో ఈదించి ప్రయోగశాలకు చేర్చారు. ప్రాణాలు దక్కాయి గాని కొన్ని కుక్కలు ఏళ్ళ తరబడి నేర్చుకున్నదంతా పోగొట్టుకున్నాయి. ఎప్పుడూ తినే తిండి ముందు పెట్టినా ముట్టలేదు. అప్పుడు చేసినది చాలా సాదా పని. అలవాటైన మనిషి కుక్కతోపాటు గదిలో కూర్చున్నాడు. పాత అలవాట్లు మెల్లగా తిరిగి వచ్చాయి. తరువాత మనిషికి బదులు అతని బట్టలు గదిలో ఉంచినా, ఆ వాసనకే కుక్క కుదురుకునేది. కోలుకున్నాక ఒకరోజు గది తలుపు కింద నుంచి కొంచెం నీరు పారించి చూశారు. మళ్ళీ మొదటికి వచ్చింది. భయం తగ్గుతుంది గాని పూర్తిగా చెరిగిపోదని అలా తెలిసింది.

విశ్రాంతి ఇవ్వడం, సులువైన పాఠంతో మళ్ళీ మొదలుపెట్టడం, అవసరమైతే బ్రోమైడ్ మందు వాడడం ఆయన చికిత్సలు. అన్ని కుక్కల స్వభావం ఒకటి కాదనీ, ఒకదానికి పనికొచ్చింది ఇంకొకదానికి పనికిరాదనీ చెప్పారు.

ఈ విజ్ఞానానికి ఆ కుక్కలు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. షాకులు, కోతలు, ఆకలి అవి భరించాయి. అలాంటి ప్రయోగాలకు ఇప్పుడు కఠినమైన నియమాలు ఉన్నాయి. 1935లో ఆ సంస్థ ఆవరణలో కుక్కకు ఒక స్మారక చిహ్నం కట్టించారు.

నిలబడిన మనిషి

విప్లవం తరువాత మతగురువుల బిడ్డలను వైద్య విద్యాలయం నుంచి తీసివేస్తే పావ్‌లోవ్ గారు ఊరుకోలేదు. తానూ మతగురువు కొడుకునేనని చెప్పి అక్కడి పదవిని వదులుకున్నారు. పుట్టుకను బట్టి చదువు ఆపడం ఎంత అన్యాయమో మన హాస్టల్ పిల్లలకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఆయన 1936 ఫిబ్రవరి 27న, 86వ ఏట, న్యుమోనియాతో లెనిన్‌గ్రాడ్‌లో కన్నుమూశారు.

ఆయన దారిలో ఇతరులు ముందుకు నడిచారు. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ కుందేలును చూసి హడలిపోయే ఒక పిల్లవాడికి తిండి పెడుతూ, కుందేలును రోజూ కొంచెం కొంచెం దగ్గరకు తెచ్చి ఆ భయం పోగొట్టింది. నేడు కరిచే కుక్కలను బాగుచేసేవారు వాడే ముఖ్యమైన పద్ధతి ఇదే. కుక్క బెదరనంత దూరంలో మొదలుపెట్టాలి, తినడానికి ఏదైనా ఇవ్వాలి, దూరం మెల్లగా తగ్గించాలి, తొందరపడకూడదు, కొట్టకూడదు.

మన గేటు దగ్గర

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. సెలవులయ్యాక హాస్టల్‌కు వచ్చేసరికి మన గేటు దగ్గరి నల్ల కుక్క మారిపోయింది. అంతకుముందు మిగిలిన అన్నం తిని ఒక మూల పడుకునేది. ఇప్పుడు గాలికి రేకు కదిలితే చాలు, పళ్ళు చూపిస్తుంది. ఒకరోజు ఆరో తరగతి తమ్ముడిని పిక్క మీద కరిచింది. మేము కర్రలు తీశాము. మా సైన్సు మాస్టారు ఆపి, ముందు తమ్ముడి గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడిగించి, ఆసుపత్రికి పంపి సూదులు వేయించారు. కుక్క పది రోజులు దాటినా ఆరోగ్యంగానే ఉంది. అప్పుడు లెనిన్‌గ్రాడ్ వరద కథ చెప్పారు.

రోజూ ఒకే వేళకు, దూరంగా ఒకే చోట గుప్పెడు అన్నం పెట్టాము. కళ్ళలోకి చూడకుండా పక్కకు తిరిగి కూర్చున్నాము. వారానికి రెండడుగులు దగ్గర జరిపాము. సంక్రాంతి సెలవుల నాటికి అది గేటు లోపలికి వచ్చి తినసాగింది. అయినా పెద్ద గాలి వేస్తే నీళ్ళ ట్యాంకు కిందికే పోయేది. అప్పుడు మాలో ఒకరు వెళ్ళి పక్కన కూర్చునేవాళ్ళం.

ఒక్క మాట జ్ఞాపకం ఉంచుకోండి. ఉన్నట్టుండి తీరు మారి, చొంగ కారుస్తూ, తూలుతూ తిరిగే కుక్క దగ్గరకు ఎవరూ వెళ్ళవద్దు, పెద్దవాళ్ళకు చెప్పండి. ఏ కుక్క కరిచినా పసుపు, కారం పూయకుండా సబ్బు నీటితో కడిగి ఆసుపత్రికి పరుగెత్తండి.

ఆ ఏడాది మాలోనూ కొందరికి ఇళ్ళ పైకప్పులు పోయాయి. ఊరికే తగవులు పెట్టుకున్నవాళ్ళను పొగరుబోతులని అనుకున్నాము. తరువాత అర్థమైంది, వాళ్ళూ బెదిరినవాళ్ళేనని. ప్రతి జూన్‌లో ట్రంకు పెట్టెతో కొత్త తమ్ముళ్ళు వస్తారు. వాళ్ళలో ఎవరైనా విసురుగా మాట్లాడితే, చెయ్యెత్తితే, తిరిగి కొట్టే ముందు ఒక పూట పక్కన కూర్చొని భోజనం చేయండి. పావ్‌లోవ్ గారి జీవితం నుంచి మేము నేర్చుకున్నది ఇదే.