నాలుగు నెలల జీతం

సహకారోద్యమం గురించి చదివిన వాళ్ళకి రాబర్ట్ ఓవెన్ పేరు కొత్త కాదు. నన్ను మాత్రం ఆకట్టుకున్నది నూలు మిల్లు నడిపిన ఓవెన్.

వేల్స్‌లోని న్యూటౌన్‌లో 1771లో పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. పదో ఏట ఇల్లు వదిలి బట్టల కొట్లో పనికి కుదిరాడు. ఇరవై ఏళ్ళ ప్రాయంలో, అంటే మనలో చాలామంది ప్రాక్టికల్ రికార్డులు రాసుకునే వయసులో, పత్రికలో ప్రకటన చూసి తిన్నగా మాంచెస్టర్‌లోని ఒక మిల్లు యజమాని దగ్గరికి వెళ్ళి మేనేజరు ఉద్యోగం అడిగాడు. జీతం ఏడాదికి 300 పౌనులు కావాలన్నాడు. ఉద్యోగం వచ్చింది. సుమారు 500 మంది మీద పెత్తనం! అయినా ఆరు వారాలపాటు ఎవరికీ ఒక్క ఆజ్ఞ ఇవ్వలేదు. అందరికంటే ముందు వచ్చి, ఆఖరున వెళ్తూ, యంత్రాలనీ మనుషులనీ చూస్తూ పని నేర్చుకున్నాడు.

1800లో స్కాట్లండ్‌లోని న్యూ లానార్క్ మిల్లులు ఆయన చేతికి వచ్చాయి. క్లైడ్ నది నీటి జోరుతో నడిచే మిల్లులవి. పనివాళ్ళకి ఈ కొత్త దొర మీద నమ్మకం లేదు. దొంగతనాలు, తాగుడు కూడా ఉండేవి. ఓవెన్ కొట్టించలేదు. ఒక్కొక్కరి దగ్గర నాలుగు రంగుల చిన్న చెక్కముక్క వేలాడదీశాడు. నిన్నటి పని బాగా లేకపోతే నలుపు, ఓ మాదిరైతే నీలం, బాగుంటే పసుపు, చాలా బాగుంటే తెలుపు ముందుకి తిప్పేవారు. మేస్త్రీ అన్యాయంగా తిప్పాడనుకుంటే నేరుగా ఓవెన్‌కే చెప్పుకోవచ్చు. మంచి ఉపాయమే గాని, యజమాని బల్ల మీద అలాంటి చెక్క ఒకటీ లేదు కదా అని నాకనిపిస్తుంది.

అసలు పరీక్ష 1806 ప్రాంతంలో వచ్చింది. అమెరికా నుంచి పత్తి ఆగిపోయింది. మిల్లు నడపడానికి వీల్లేదు. మాది సేద్యం చేసుకునే ఇల్లు. వాన మొహం చాటేస్తే మా ఊళ్ళో కూలీకి పనీ లేదు, కూలీ లేదు. అదేమిటని అడిగే వాడూ లేడు. ఓవెన్ యంత్రాలు తుడుచుకుంటూ ఉండమని చెప్పి, నాలుగు నెలలు పూర్తి జీతాలిచ్చాడు. దాదాపు 7000 పౌనులు ఖర్చయింది. అప్పటిదాకా ఎడమొహం పెడమొహంగా ఉన్న జనం అప్పుడు గాని ఆయన్ని నమ్మలేదు.

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. పదేళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం మానేశాడు. 1816లో బడి తెరిచాడు. పనిగంటల్ని 11 లోపుకి దించాడు. ఇన్ని చేసినా మిల్లుకి లాభాలొచ్చాయి! కానీ భాగస్తులకి ఇంకా లాభం కావాలి. వాళ్ళతో తగాదా పడి 1813లో మిల్లుల్ని వేలంలో కొత్త వాటాదారులతో కలిసి కొనుక్కోవలసి వచ్చింది.

1825లో అమెరికాలో న్యూ హార్మొనీ అనే ఊరు కొని, అందరూ సమానంగా బ్రతికే సమాజం కట్టబోయాడు. రెండు మూడేళ్ళలో అది చెదిరిపోయింది, ఆస్తిలో చాలా భాగం దాంతోనే పోయింది. 1858లో తను పుట్టిన న్యూటౌన్‌లోనే కన్నుమూశాడు. న్యూ లానార్క్ మిల్లులు మాత్రం 1968 దాకా నడిచాయి.