నిరతాన్నదాత్రి శ్రీమతి డొక్కా సీతమ్మ గారు



జీర్ణోద్ధరణ కార్యము సంపూర్ణమై, విమానముపై నూతన కలశము నిలిచి, యాగశాలలో వేదఘోష వినవచ్చుచున్న ఈ శుభసమయమున ఒక మహాతల్లి చరిత్రమును స్మరించుట ఉచితమని తోచినది. ఆమె కీర్తి కోవెలలు కట్టించుటవలన గాని, కావ్యములు రచించుటవలన గాని వచ్చినది కాదు. ఆకలిగొని వచ్చినవారికి విస్తరి వేసి వడ్డించుటవలన వచ్చినది. ఆ పుణ్యశీలయే కోనసీమ అపర అన్నపూర్ణ శ్రీమతి డొక్కా సీతమ్మ గారు.

సీతమ్మ గారు 1841వ సంవత్సరమున గోదావరి సీమలోని మండపేటలో జన్మించిరి. తండ్రి అనుప్పిండి భవానీశంకరము గారు, తల్లి నరసమ్మ గారు. భవానీశంకరము గారు అతిథులకు అన్నము పెట్టుటయందు ఎంతటి ఆసక్తి గలవారనగా, ఊరివారు ఆయనను అసలు పేరు విడిచి బువ్వన్న గారని పిలిచెడివారట. బాల్యముననే తల్లి గతించుటచే ఇంటి భారము సీతమ్మ గారిపై పడినది. వంట, వడ్డన, వచ్చినవారి మనసెరిగి ఆదరించుట ఆమెకు ఆటపాటల వయసులోనే అలవడినవి.

లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్న గారు వేదవిదులు, భూవసతి గల గృహస్థులు. ఆయన ఒకమారు మండపేటలో భవానీశంకరము గారి ఇంట అతిథిగా నిలిచి, ఆ బాలిక చేయు మర్యాదను చూచి ఆమెను వివాహమాడ నిశ్చయించిరని పెద్దలు చెప్పుదురు. అట్లు సీతమ్మ గారు లంకల గన్నవరమున గృహిణిగా అడుగుపెట్టిరి.

ఆ ఊరు వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్నది. నేడు వంతెనలమీదుగా వాహనములలో పోవు మనకు నాటి ప్రయాణము ఊహకందదు. కాలినడక, ఎడ్లబండి, పడవ, ఇవియే నాటి సాధనములు. వరదకాలమున రేవు ఆగినచో బాటసారి గట్టుమీదనే నిలిచిపోవలెను. చేత డబ్బున్నను దారిలో అన్నము దొరకదు. పసిపిల్లలతో, వృద్ధులతో వచ్చినవారి అవస్థ చెప్పనలవి కాదు. 1833 నాటి గుంటూరు కరువు అప్పటికి ఇంకను జనుల జ్ఞాపకములో ఉన్నది. సీతమ్మ గారికి పదునొకండేండ్ల వయసున, 1852లో, ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై డెల్టాలో వరి విరివిగా పండసాగినది. ఆ పంటను గాదెలో దాచుకొన్నవారు పలువురు గలరు. ఆ దంపతులు దానిని వచ్చినవారి విస్తళ్ళలోనికి చేర్చిరి.

వారి ఇంట భోజనమునకు వేళయని లేదు. అర్ధరాత్రి తలుపు తట్టినను పొయ్యి వెలిగెడిది. వచ్చినవారి కులమేది, మతమేది, ఊరేది అని ఆమె విచారింపలేదు. ఆచారవంతమైన బ్రాహ్మణ గృహమున, పందొమ్మిదవ శతాబ్దమున, అది సామాన్యమైన విషయము కాదని నా బోటి వారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆమెకు ఆకలి ఒక్కటే పరిచయపత్రము.

ఒక వర్షాకాలపు రాత్రి ఏటి నడుమ లంకలో చిక్కుకొన్న వాడొకడు ఆకలితో వేయు కేకలు ఆ దంపతుల చెవిని పడినవట. ఏరు పొంగుచున్నది. తెల్లవారిన పిమ్మట చూచుకొనవచ్చునని అనుకొనుటకు తగినంత కారణమున్నది. కాని సీతమ్మ గారు వెంటనే వండి ఇయ్యగా, జోగన్న గారు పడవపై ఆ ప్రవాహమును దాటి ఆ అన్నమును అందించి వచ్చిరని ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు. భార్య సంకల్పించినను భర్త సహకరింపనిచో ఇట్టి వ్రతము సాగదు. వారి దాంపత్యమునకు ఆ పడవ ప్రయాణమే సాక్ష్యము.

ఆమె జీవితమునందు అన్నిటికంటె ప్రసిద్ధమైనది అంతర్వేది యాత్రావృత్తాంతము. వసిష్ఠ గోదావరి సాగరమును కలియు చోట వెలసిన శ్రీ లక్ష్మీనృసింహస్వామిని దర్శింపవలెనని ఆమెకు చిరకాలవాంఛ. నిత్యము అతిథులుండు ఇంటికి విరామము దొరకుట ఎట్లు? ఎట్టకేలకు ఒకనాడు పల్లకిలో బయలుదేరిరి. దారిలో విశ్రమించిన చోట ఒక పెండ్లిబృందము ఎదురైనది. పిల్లలు ఆకలికి ఏడ్చుచుండగా, మరికొంత దూరము పోయినచో గన్నవరములో సీతమ్మ గారి ఇంట అన్నము దొరకునని పెద్దలు వారిని ఓదార్చుచుండిరి. తాము చెప్పుకొనుచున్న తల్లి ప్రక్కనే ఉన్నదని వారెరుగరు. ఆ మాట విన్న సీతమ్మ గారు పల్లకిని వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి, వంట సిద్ధము చేయించి, వారు వచ్చుసరికి విస్తళ్ళు వేయించిరట.

గర్భాలయమున అర్చన చేయు నేను ఈ కథయొద్ద చాలకాలము ఆగితిని. సంకల్పించిన దైవదర్శనమును మధ్యలో విడుచుట దోషము కాదా అను శంక నాకు కలిగెడిది. తైత్తిరీయోపనిషత్తునందలి భృగువల్లి దానికి సమాధానము చెప్పినది. భృగువు తపస్సు చేసి మొట్టమొదట బ్రహ్మముగా తెలిసికొన్నది అన్నమునే. ఆశ్రయము కోరి వచ్చినవానిని త్రోసిపుచ్చరాదనుట, అన్నమును సమృద్ధిగా సంపాదింపవలెననుట అచ్చట వ్రతములుగా విధింపబడినవి. గృహస్థునకు చెప్పిన పంచమహాయజ్ఞములలో అతిథిపూజయు ఒకటి. కనుక సీతమ్మ గారు యాత్ర మానలేదనియే నా నమ్మకము. స్వామి దర్శనము ఆమెకు దారిలోనే లభించినది.

ఇంతటి అన్నదానమునకు హద్దు లేకుండుటచే కాలక్రమమున ఆస్తి తరిగినదని చెప్పుదురు. అయినను పొయ్యి ఆరలేదు. ఉన్నప్పుడు పెట్టుట పలువురు చేయగలరు. తరుగుచున్నదని తెలిసియు చేయి వెనుకకు తీయకుండుటయే ఆ తల్లి ఘనత.

ఆమె కీర్తి ఆంగ్ల ప్రభుత్వము వరకు పోయినది. 1903 జనవరి 1న ఢిల్లీలో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక దర్బారు జరిగిన సందర్భమున ఆమె దానశీలమును గుర్తించి ప్రభుత్వము ప్రశంసాపత్రమును ఇచ్చినది. సన్మానమునకు పోయినచో ఇంటికి వచ్చినవారికి అన్నము పెట్టువారెవరని ఆమె ప్రయాణమునకు అంగీకరింపలేదని, ఛాయాచిత్రము తీయించుకొనుటకు సైతము సమ్మతింపక, ఆ పనికై వచ్చిన ఉద్యోగికి చిక్కు కలుగునని తెలిసిన పిమ్మటనే ఒప్పుకొనిరని ప్రతీతి.

1909 ఏప్రిల్ 28న సీతమ్మ గారు పరమపదించిరి. గన్నవరమున వైనతేయపై 2000వ సంవత్సరమున ప్రారంభమైన అక్విడక్టుకు ఆమె పేరు పెట్టిరి. పొలములకు నీరు మోయు కట్టడమునకు అన్నము పెట్టిన తల్లి పేరు ఎంతయు తగియున్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరు పెట్టినది.

ఇక నా మాట ఒకటి. చాల యేండ్ల క్రిందట ఒక ఉత్సవమునాడు అన్నసమారాధన ముగిసి, గంగాళములు కడిగిన పిమ్మట ఒక వృద్ధురాలు వచ్చినది. అన్నీ అయిపోయినవమ్మా అని చెప్పి తీర్థమిచ్చి పంపితిని. ఆమె కన్నులకద్దుకొని మారుమాటాడక వెడలిపోయినది. గుప్పెడు బియ్యము ఉడుకుటకు ఎంతసేపు పట్టును? ఆ ఆలోచన ఆనాడు నాకు రాలేదు. సీతమ్మ గారి చరిత్రము చదివినప్పుడెల్ల ఆమె వెనుదిరిగిన తీరు కన్నులయెదుట మెదలును.

దాతలారా! మీ ద్రవ్యముతో ఆలయము నూతనశోభను దాల్చినది. కుంభాభిషేకానంతరము జరుగు అన్నసమారాధనలో పంక్తి చివర కూర్చున్నవానికిని, వేళ దాటి వచ్చినవానికిని మొదటి పంక్తిలోని వానికి జరిగిన మర్యాదయే జరుగునట్లు చూడుడు. ఒక పొయ్యి ఆర్పక ఉంచుడు. స్వామికి మహానైవేద్యము అప్పుడు సంపూర్ణమగును.

అన్నపూర్ణాసమేత విశ్వేశ్వరుని అనుగ్రహము ఎల్లరకు కలుగుగాక.

స్వస్తి.