ఈత రాని పైలట్

1911 జనవరి 18న శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో, పెన్సిల్వేనియా అనే యుద్ధనౌక మీద యూజీన్ ఈలీ విమానం దించాడు. నౌక మీద విమానం దిగడం ప్రపంచంలో అదే మొదలు. అతనికి ఈత రాదు. సైకిల్ ట్యూబులు ఒంటికి చుట్టుకుని వచ్చాడు!

చింతాద్రిపేటలో మా ఇంట్లో ఆ నౌకని 72వ వంతు కొలతకి అట్టతో చేస్తున్నా. దాదాపు 120 అడుగుల చెక్క వేదిక నాకు 20 అంగుళాలయింది. దానికి అడ్డంగా 22 తాళ్లు, ఒక్కో తాడుకి రెండు చివర్లా ఇసుక బస్తాలు. దారాలు ముడివేస్తుంటే అర్థమైంది: విమానం కింది కొక్కేలు తాళ్లని పట్టుకుంటే, బస్తాల బరువే బ్రేకు. ఇవాళ మన విక్రాంత్ మీద కూడా అడ్డంగా ఉన్న తీగలే విమానాన్ని ఆపుతాయి.

ఈలీ నేవీలో ఉద్యోగం అడిగాడు, దొరకలేదు. అదే ఏడాది అక్టోబరులో ఒక ప్రదర్శనలో విమానం కూలి చనిపోయాడు. పాతికేళ్లు నిండడానికి రెండే రోజులు తక్కువ. పతకం మాత్రం ఇచ్చారు, 1933లో.