గుంటూరు డాక్టరమ్మ – సిస్టర్ మేరీ గ్లౌరీ

మన మంత్రాలయం, కోసిగి, పెద్దకడబూరు పల్లెల వారికి గుంటూరు అనగానే మిరపకోతలు జ్ఞాపకం వస్తాయి. వానలు తప్పిన సంవత్సరం ఇంటికి తాళం వేసి, పిల్లాపాపలతో మూటాముల్లె కట్టుకొని ఆ జిల్లాకు వలసపోయే కుటుంబాలు మన సంఘాలలో ఎన్నో ఉన్నాయి. నూరేళ్ల క్రిందట అదే గుంటూరుకు సముద్రాలు దాటి ఒక స్త్రీ వచ్చింది. ఆమె బ్రతుకుతెరువు కోసం రాలేదు, చేతికి అందిన మంచి బ్రతుకును విడిచిపెట్టి వచ్చింది. ఆమె డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ. మన డయోసిస్ శతాబ్ది సంచికలో వేరొక సంఘానికి చెందిన కన్యాస్త్రీ జీవితం ఎందుకని కొందరు అడుగవచ్చును. ప్రభువు పొలంలో పనిచేసినవారిని గట్లు చూచి వేరుచేయరాదని మా మనవి. పైగా ఆమె జీవితం మన ముందు ఉంచే ప్రశ్న అన్ని సంఘాలకూ చెందినది.

రోమను కతోలిక సంఘంలో సిస్టర్లు మాటపట్టు తీసుకొని 25 ఏళ్లు నిండితే రజతోత్సవం, 50 ఏళ్లు నిండితే స్వర్ణోత్సవం, 60 ఏళ్లు నిండితే వజ్రోత్సవం జరుపుతారు. లేవీయకాండము 25వ అధ్యాయంలోని సునాద సంవత్సరం మనకందరికీ తెలిసినదే. ఈ ఉత్సవాలకు మూలం అక్కడే ఉన్నది. దారిద్ర్యము, బ్రహ్మచర్యము, విధేయత అనే మూడు వ్రతాలు పట్టి జీవితాంతం నిలిచియుండుట సామాన్యమైన సంగతి కాదు. ఇల్లు విడిచిన వారి గొప్పతనం మన ప్రాంతం వారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1671లో శ్రీ రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన ఈ తుంగభద్ర తీరంలో సన్యాసమనే మాటకు ఉన్న గౌరవం పసిపిల్లలకు కూడా తెలుసు. అయితే సిస్టర్ మేరీ గ్లౌరీ సన్యాసం ఆమెను జనానికి దూరంగా తీసుకొని వెళ్లలేదు. పురిటి మంచం దగ్గరకు తీసుకొనిపోయింది. ఆ రోజులలో అది ఎంత విడ్డూరమో తెలియాలంటే ఆమె కథ మొదటినుండి చెప్పుకోవాలి.

బాల్యము, చదువు

మేరీ గ్లౌరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియా దేశంలోని విక్టోరియా రాష్ట్రంలో బిర్రెగుర్రా అనే చిన్న ఊరిలో పుట్టింది. ఐర్లండు నుండి వలస వచ్చిన వంశం వారిది. తొమ్మిదిమంది సంతానంలో ఆమె మూడవది. ఆమె పసితనంలోనే కుటుంబం మల్లీ అనే ప్రాంతంలోని వాచెమ్‌కు చేరింది. మల్లీ కూడా మన రాయలసీమ వంటి మెట్టసీమే. గోధుమ పండేదీ, ఎండేదీ వానను బట్టియే. ఆకాశం వంక చూచే రైతుల మధ్య ఆమె పెరిగింది. సాయంకాలం కుటుంబ ప్రార్థనలో గురువుల కొరకు, వైద్యుల కొరకు ప్రార్థించుట తల్లి పిల్లలకు అలవాటు చేసింది. తన బిడ్డలలో ఒకతె వైద్యురాలు కాగలదని ఆ తల్లి అప్పటికి ఎరిగియుండదు.

చదువులో ముందున్న మేరీ ఉపకార వేతనం గెలుచుకొని మెల్‌బోర్న్ నగరానికి వెళ్లి చదువుకున్నది. విశ్వవిద్యాలయంలో మొదట సాహిత్య విభాగంలో చేరి, తండ్రి ప్రోత్సాహంతో వైద్యానికి మారింది. ఆడపిల్ల డాక్టరు చదవడం అరుదైన ఆ కాలంలో 1910లో పట్టభద్రురాలైంది. స్త్రీలకు ఆస్పత్రులలో ఉద్యోగం దొరకడం కష్టం కనుక, న్యూజీలాండులోని క్రైస్ట్‌చర్చి ఆస్పత్రికి వెళ్లి అక్కడ పనిచేసింది. తిరిగివచ్చి మెల్‌బోర్న్‌లో కంటి ఆస్పత్రిలోను, సెయింట్ విన్సెంట్ ఆస్పత్రిలోను సేవ చేస్తూ, పెద్ద డాక్టర్లు ఉండే కాలిన్స్ వీధిలో స్వంతంగా ప్రాక్టీసు పెట్టింది. 1916లో కతోలిక స్త్రీల సాంఘిక సమాజానికి తొలి అధ్యక్షురాలైంది. పేరున్నది, రాబడి ఉన్నది. లోకం దృష్టిలో ఇక కావలసినది ఏమీ లేదు.

పిలుపు

1915 అక్టోబరు 24న ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. అది డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లండు వైద్యురాలిని గురించినది. ఆ తల్లి వృద్ధాప్యంలో మన దేశపు స్త్రీల దురవస్థ చూచి, రావల్పిండిలో వారి కొరకు ఆస్పత్రి స్థాపించి, 1913లో ప్రభువునందు నిద్రించింది. ఘోషాలో ఉన్న స్త్రీలు మగ డాక్టరు చేత చేయి పట్టించుకోరు. ఆడ డాక్టర్లు లేరు. మంత్రసాని చేతకానిదైతే తల్లీ బిడ్డా ఇద్దరూ పోవలసిందే. ఈ సంగతి చదివి మేరీ మోకరించింది. తన జీవితకాలపు పని ఏదో ఆ రోజే ఆమెకు తెలిసిపోయింది.

అయినా ఆమె వెంటనే పరుగెత్తలేదు. నాలుగేళ్లు ఆగింది. ఆ నాలుగేళ్లూ ప్రార్థనలోను, చదువులోను గడిపింది. ఇండియాలో స్త్రీలకు ఏ వైద్యం అవసరమో ఆలోచించి, ప్రసూతి, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యం ముఖ్యంగా చదివి 1919లో ఎం.డి. పట్టా పొందింది. పిలుపు వచ్చిందని చెప్పుకొంటూ సిద్ధపాటు లేకుండా బయలుదేరే వారికి ఆమె మంచి పాఠం. దేవుని పనికి వట్టి చేతులతో కాక, పదును పెట్టిన పనిముట్టుతో ఆమె వచ్చింది.

గుంటూరులో

1920 జనవరిలో ఓడ ఎక్కి, ఫిబ్రవరి 12న గుంటూరు చేరింది. అప్పటికి ఆమె వయస్సు 32 సంవత్సరాలు. అక్కడ యేసు మరియ జోజప్ప సభ వారి కాన్వెంటు ఉన్నది. మనవారు జె.ఎం.జె. సిస్టర్లు అని పిలుస్తారు. 1822లో హాలండు దేశంలో పుట్టిన ఈ సభ సిస్టర్లు మిల్‌హిల్ ఫాదర్ల ఆహ్వానంపై 1904లో గుంటూరు వచ్చి ఆడపిల్లలకు చదువు చెబుతూ, చిన్న మందుల ఆస్పత్రి నడుపుతూ ఉండిరి. మేరీ ఆ సభలో చేరి తిరుహృదయ సిస్టర్ మేరీ అయింది.

ఇక్కడ ఒక పెద్ద చిక్కు ఉన్నది. ఆనాటి కతోలిక సంఘ నియమాల ప్రకారం కన్యాస్త్రీలు రోగులకు పరిచర్య చేయవచ్చును గాని డాక్టర్లుగా వైద్యం చేయరాదు, కాన్పులు అసలే చేయరాదు. ఆ నియమం మార్చమని ఆగ్నెస్ మెక్‌లారెన్ రోము నగరానికి విజ్ఞాపనలు పెట్టుకొన్నది గాని, బ్రతికియుండగా ఫలితం చూడలేదు. పోప్ 15వ బెనెడిక్ట్ ప్రత్యేక అనుమతితో సిస్టర్ మేరీకి ఆ ద్వారం తెరచుకొన్నది. కన్యాస్త్రీగా ఉంటూ డాక్టరుగా పనిచేసిన మొదటి వ్యక్తి ఆమెయే అని చెబుతారు. అందరు సిస్టర్లకూ ప్రసూతి వైద్యానికి అనుమతి 1936లో గాని రాలేదు. మేలు చేయవలసిన చోట నియమం అడ్డు వచ్చినప్పుడు ఆమె వ్రతాన్నీ విడువలేదు, రోగినీ విడువలేదు. పెద్దల అనుమతి పొంది, తన పని ద్వారానే ఆ నియమం మారదగినదని చూపించింది. విధేయతకు ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు తోచలేదు.

గుంటూరులో ఆమెకు ముందే మన ప్రొటెస్టంటు మిషనెరీలు ఈ మార్గం తొక్కియున్నారు. అమెరికన్ లూథరన్ మిషను పక్షాన 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కూగ్లర్ అదే పట్టణంలో స్త్రీల ఆస్పత్రి కట్టి, 1930లో అక్కడే కన్నుమూసింది. ఇట్లు పదేళ్లపాటు ఒకే పట్టణంలో రెండు సంఘాల స్త్రీ వైద్యులు ఒకే ప్రభువు నామమున పనిచేసిరి. మన సీమలో జమ్మలమడుగున లండను మిషను ఆస్పత్రి, వేలూరులో డాక్టర్ ఐడా స్కడ్డర్ స్థాపించిన ఆస్పత్రి, వైద్యశాల కూడా ఆ తరం సేవా ఫలాలే.

సిస్టర్ మేరీ చేతిలో ఆ చిన్న మందుల ఆస్పత్రి సెయింట్ జోసెఫ్ ఆస్పత్రిగా పెరిగింది. ప్రతిదినం ఆరుబయట బారులు తీరిన రోగులు, లోపల కాన్పులు, కంటి ఆపరేషన్లు, సాయంత్రం పల్లెలకు ప్రయాణం. ఏళ్ల తరబడి ఆ పని అంతటికీ డాక్టరు ఆమె ఒక్కతే. మెల్‌బోర్న్‌లోని స్త్రీల సమాజం వారు చందాలు పోగుచేసి పంపుతూ వచ్చిరి. ఆమె చేతి మీదుగా వైద్యం పొందినవారు లక్షల సంఖ్యలో ఉన్నారు. దారిద్ర్య వ్రతం పట్టినది కనుక ఆ లక్షలమంది నుండి ఆమెకంటూ ఒక్క అణా మిగలలేదు.

ఆమె వేసిన లెక్క

మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇక్కడే ఉన్నది. ఎంత పనిచేసినా ఒక్క డాక్టరు రెండు చేతులతో తెలుగు దేశపు తల్లులందరినీ కాపాడజాలదని సిస్టర్ మేరీ త్వరలోనే గ్రహించింది. అందుచేత తానే అన్నీ చేయవలెనను ఆశ విడిచి, ఇతరుల చేతులు సిద్ధపరచుటకు పూనుకొన్నది. తెలుగు పల్లెల ఆడపిల్లలను చేరదీసి నర్సులుగా, మంత్రసానులుగా, మందులు కలిపే కాంపౌండర్లుగా తరిఫీదు ఇచ్చింది. అక్షరం రాని తల్లి కడుపున పుట్టిన పిల్ల తెల్లచీర కట్టి, మరొక తల్లి ప్రాణం నిలబెట్టుట ఆనాటికి చిన్న సంగతి కాదు.

అక్కడితో ఆగలేదు. రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులలో, 1943 జూలై 29న, ఆమెతో కలిసి పదహారుమంది సిస్టర్లు గుంటూరులో సమావేశమైరి. దేశంలో అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న కతోలిక ఆస్పత్రులు ఒకదానికొకటి తోడుపడవలెనని ఒక సంఘం స్థాపించిరి. దానికి ఆమె అధ్యక్షురాలైంది. అదే నేటి భారత కతోలిక ఆరోగ్య సంఘం. దాని ప్రధాన కార్యాలయం సికింద్రాబాదులో ఉన్నది. 3,000కు పైగా ఆస్పత్రులు, ఆరోగ్య కేంద్రాలు దానిలో చేరియున్నవి. పదహారుమందితో మొదలైనది ఆవగింజ చెట్టైనట్లు పెరిగింది.

క్రైస్తవ విలువలతో డాక్టర్లను తయారుచేసే వైద్య కళాశాల ఒకటి ఉండవలెనని కూడా ఆమె కోరుకొన్నది. అది ఆమె కళ్లు చూడలేదు. 1963లో బెంగుళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వెలసినప్పుడు ఆ కోరిక నెరవేరింది. మోషే కొండమీద నుండి చూచిన దేశంలో అడుగుపెట్టినది యెహోషువ తరం వారే గదా.

కడవరి దినములు

ముప్పై ఏడేళ్లు ఆమె ఈ దేశంలో గడిపింది. చివరి దినాలలో కాన్సరు వ్యాధి ఆమెను పట్టుకొన్నది. ఎందరి నొప్పులో తగ్గించిన డాక్టరమ్మ తన నొప్పిని ఓర్చుకొని, 1957 మే 5న బెంగుళూరులో ప్రభువు సన్నిధికి చేరింది. అప్పటికి ఆమెకు 69 ఏళ్లు. మాటపట్టు తీసుకొని 50 ఏళ్లు నిండనే లేదు గనుక స్వర్ణోత్సవం ఆమెకు జరుగలేదు. 2013లో కతోలిక సంఘం ఆమెను దైవ సేవకురాలిగా ప్రకటించి, పునీతురాలిగా గుర్తించే మార్గంలో మొదటి మెట్టు ఎక్కించింది.

ఆమె గుంటూరులో పనిచేసిన కాలంలో మన కర్నూలు సీమకూ ఆ ప్రాంతానికీ కతోలిక సంఘ పాలనలో బంధం ఉండేది. 1928లో ఏర్పడిన నెల్లూరు మేత్రాసనం నుండే 1940లో గుంటూరు, 1967లో కర్నూలు, 1976లో కడప మేత్రాసనాలు వేరుపడినవి. తల్లి ఒక్కటే గనుక ఆమె మనకు పరాయిది కాదు.

మన ముందున్న ప్రశ్న

ఉత్సవాలలో సేవకులను వేదిక ఎక్కించి, దండలు వేసి, శాలువలు కప్పి, గడిచిన ఏళ్లు లెక్కిస్తాము. అది తగినదే. అయితే సిస్టర్ మేరీ గ్లౌరీ లెక్క వేరు. తాను ఎన్నేళ్లు పనిచేసినదీ ఆమె లెక్కించుకోలేదు. తన తరువాత ఆ పని చేయగలవారు ఎందరు ఉన్నారనేదే ఆమె చూచుకొన్నది. దండ వేయించుకొంటున్న సిస్టరు ప్రక్కన నిలబడవలసిన చిన్నపిల్ల కనబడకపోతే, ఆ ఉత్సవంలో ఏదో కొరవడినట్లే.

మన ఇళ్ల సంగతి కొంచెం ఆలోచించండి. సేవ చేసే సిస్టర్లను, నర్సమ్మలను చూచి చేతులు జోడిస్తాము. మన బిడ్డ అదే మార్గం కోరితే మాత్రం వద్దంటాము. రాత్రిళ్లు డ్యూటీ, ఊరుగాని ఊరు, పెండ్లి సంబంధాలు రావు అని అడ్డం పడతాము. ఈనాటికీ మన పల్లెలలో కాన్పు కష్టమైతే తల్లిని బండి ఎక్కించి ఆదోనికో, కర్నూలుకో పరుగు తీయవలసి ఉన్నది. ఆ దారిలో తోడుగా కూర్చునే చదువుకొన్న నర్సు ఎవరి ఇంటి బిడ్డ కావాలి? ఎప్పుడూ ఇరుగు పొరుగు వారి బిడ్డయే కావాలా?

వాచెమ్‌లోని తల్లి ప్రతి సాయంకాలం వైద్యుల కొరకు ప్రార్థించింది. దేవుడు ఆమె ఇంటి బిడ్డనే అడిగి తీసుకొన్నాడు. ఆమె ఇచ్చింది. ఆ మెట్టసీమ తల్లి ఇచ్చిన బిడ్డ వలన తెలుగు తల్లులు ఎందరో బ్రతికిరి. ఈ మెట్టసీమ తల్లిదండ్రులు కూడా తమ పిల్లలకు చదువు చెప్పించి, సేవకు అడ్డురాక, ఆశీర్వదించి పంపెదరు గాక. మన సంఘాలు ఏటా ఒక్క పేద పిల్ల నర్సు చదువుకైనా చందా వేసుకొని సాయపడును గాక. వచ్చే నూరేళ్ల సంచిక వ్రాయువారు మన పల్లెల బిడ్డల పేర్లు వ్రాయునట్లు ప్రభువు కృప చూపును గాక. ఆమెన్.