సమాధి రాళ్ళ నుంచి అచ్చు అక్షరాల దాకా: జాన్ బాస్కర్‌విల్

కంప్యూటరులో ఫాంట్ల జాబితా తెరిచిన మిత్రులకు బాస్కర్‌విల్ అనే పేరు కనబడే ఉంటుంది. అది ఒక మనిషి ఇంటిపేరు. జాన్ బాస్కర్‌విల్ 18వ శతాబ్దం తొలి దశకంలో ఇంగ్లండులోని ఉల్వర్లీ గ్రామంలో జన్మించాడు. బర్మింగ్‌హామ్ పట్టణం చేరి, చేతిరాత నేర్పుతూ, సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కుతూ పొట్ట పోసుకున్నాడు. తన పనితనం చూపడానికి ఆయన చెక్కి పెట్టుకున్న రాతి పలక బర్మింగ్‌హామ్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

తర్వాత పళ్ళేలకు, పెట్టెలకు నల్లని వార్నిష్ మెరుగు వేసే వ్యాపారంలో బాగా సంపాదించాడు. ఆ డబ్బుతో హాయిగా ఉండొచ్చు. కానీ నలభై దాటాక అచ్చు అక్షరాల పిచ్చిలో పడ్డాడు. జాన్ హ్యాండీ అనే పనివాడి చేత ఉక్కు మీద అక్షరాలు చెక్కించాడు. సిరా తనే తయారు చేసుకున్నాడు. అచ్చయిన కాగితాన్ని వేడి రేకుల మధ్య నొక్కి నునుపు చేశాడు. 1757లో వర్జిల్ కావ్యాలతో తొలి పుస్తకం వెలువడింది.

ఆయన అక్షరంలో నిలువు గీత దిట్టంగా, అడ్డు గీత సన్నగా ఉంటుంది. చివర్లలో చిన్న పాదాల్లా ఉండే సెరిఫ్‌లు వాడిగా ఉంటాయి. ఈ తేడా వల్లే తోటి ముద్రాపకులు ఎగతాళి చేశారు, కళ్ళు పోతాయన్నారు. అలా అన్న ఒక పెద్దమనిషిని బెంజమిన్ ఫ్రాంక్లిన్ పరీక్షించాడు. అందరూ మెచ్చే కాస్లన్ అక్షరాల నమూనా తీసి, పైన పేరు చించేసి, ఇది బాస్కర్‌విల్‌ది అని చేతికిచ్చాడు. పెద్దమనిషి అందులో తప్పుల మీద తప్పులు చూపించాడు! హాస్టల్ పేరు వినగానే గది ఖాళీ లేదనే ఇంటి యజమానులను చూసిన మాకు ఈ కథ మరీ నచ్చింది.

1763లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కోసం అచ్చువేసిన బైబిలు ఆయన పనుల్లో గొప్పది. అదీ సరిగా అమ్ముడుపోలేదు. ముద్రణలో ఆయనకు మిగిలింది నష్టమే. భార్య సారా ఈవ్స్ ప్రెస్సులోనూ తోడు నిలిచింది. 1775లో ఆయన చనిపోయాక అక్షరాలను ఫ్రాన్సు వాళ్ళకు అమ్మింది. వోల్టేర్ సమగ్ర రచనలు వాటితోనే అచ్చయ్యాయి. ఆమె పేరుతో మిసెస్ ఈవ్స్ అనే ఫాంటు 1996లో వచ్చింది.

ఒక అక్షరానికి జతగా బోల్డ్ చేసే అలవాటు ఆయన కాలంలో లేదు, అది 19వ శతాబ్దంలో మొదలైంది. ఇప్పుడు ఆయన అక్షరానికీ బోల్డ్ ఉంది. శీర్షికకు, పుస్తకం అట్టకు అది నిండుగా, పెద్దరికంగా ఉంటుంది. సాదా బాస్కర్‌విల్‌ను చిన్న సైజులో పెట్టి జిరాక్సు తీస్తే సన్న గీతలు మాయమవుతాయి, బోల్డ్ కొంత తట్టుకుంటుంది. అయితే పేజీ అంతా బోల్డ్ పెడితే ఏదీ ముఖ్యం కాకుండా పోతుంది. సంచికలు కంపోజ్ చేయించే తమ్ముళ్ళు ఈ సంగతి గమనించాలి.

చర్చి స్థలం వద్దని, ఆయన కోరిక ప్రకారం సొంత తోటలోనే పాతిపెట్టారు. తర్వాత ఆ స్థలం చేతులు మారింది. 1821లో తవ్వకాల్లో శవపేటిక బయటపడితే జనానికి ప్రదర్శించారు. ఎందరి సమాధులకో పేర్లు చెక్కిన మనిషికి 1898 దాకా స్థిరమైన సమాధి దొరకలేదు.