ప్రజలకొక చిత్రశాలను ప్రసాదించిన వర్తకుడు

లక్ష్మియు సరస్వతియు ఒక యింట కాపురముండరని లోకోక్తి. మాస్కో నగరమున అవిసెనార బట్టల వర్తకుడైన పావెల్ త్రెత్యాకోవ్ జీవితము ఈ లోకోక్తికి చక్కని అపవాదము. ఆయన చిత్రకారుడు కాడు. విశ్వవిద్యాలయపు గడప త్రొక్కినవాడు కాడు. ప్రభువంశమున పుట్టినవాడును కాడు. అయినను రష్యా చిత్రకళకు శాశ్వతమైన నిలయ మేర్పడినది ఆ వర్తకుని చేతిమీదుగనే.

పావెల్ 1832 డిసెంబరులో మాస్కోలో జన్మించెను. చదువంతయు ఇంటివద్దనే సాగెను. బాల్యమునుండియే తండ్రి అంగడిలో లెక్కలు వ్రాయుట నేర్చుకొనెను. 1850లో తండ్రి మరణించగా వ్యాపారభారము ఆయనపై పడెను. తమ్ముడు సెర్గేయ్ తోడుగా ఆ వ్యాపారమును వృద్ధిచేసి, తరువాత కొస్త్రోమా పట్టణమున అవిసెనార మిల్లును గూడ నెలకొల్పెను.

ఇరువది యేండ్ల ప్రాయమున ఆయన పీటర్సుబర్గునకు వెళ్లి అచటి చిత్రసంపదను చూచెను. ఆ దర్శనము ఆయన మనసును విడువలేదు. తొలుత మాస్కో సంతలో కొన్ని పాత డచ్చి చిత్రములను కొనెను. కాని అవి అసలువో నకిలీవో తేల్చుట కష్టమని త్వరలోనే గ్రహించి, ఇక మీదట జీవించియున్న చిత్రకారుల చేతినుండియే కొనవలెనని నిశ్చయించుకొనెను. 1856లో షిల్డర్, ఖుద్యాకోవ్ అను రష్యన్ చిత్రకారుల పటములను కొనెను. త్రెత్యాకోవ్ చిత్రశాల ఆ సంవత్సరమునే తన జన్మవత్సరముగా నెంచుకొనుచున్నది.

1860లో విదేశయాత్రకు బయలుదేరుచు ఆయన మరణశాసన మొకటి వ్రాసెను. అప్పటికాయనకు ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. రష్యన్ చిత్రకారుల రచనలతో మాస్కోలో సర్వజనులకు ప్రవేశముండు చిత్రశాల స్థాపించుటకై లక్షా ఏబదివేల రూబుళ్లను అందు ప్రత్యేకించెను. ఈ సంకల్పమునే ఆయన శేషజీవితమంతయు నడపెను.

అది రష్యన్ చిత్రకళలో సంక్షోభకాలము. 1863లో పదునలుగురు విద్యార్థులు రాజకీయ కళాపరిషత్తు నిర్ణయించిన పురాణవస్తువును చిత్రింప నిరాకరించి బయటికి వచ్చిరి. 1870లో ఊరూర ప్రదర్శనలు జరుపు చిత్రకారుల సంఘ మేర్పడెను. రైతులను, బురదదారులను, సామాన్యుల సుఖదుఃఖములను చిత్రించిన ఈ కళాకారులకు త్రెత్యాకోవ్ పెద్ద అండగా నిలిచెను. ప్రకృతి దృశ్యమున వైభవ ముండనక్కరలేదు, నీటిగుంట యైనను సత్యమున్న చాలునని ఆయన అభిరుచి. కరగుచున్న మంచు, బక్కచిక్కిన చెట్లు, గూళ్లు కట్టుకొను నల్లని పక్షులు మాత్రమే గల సవ్రాసోవ్ చిత్రమును ఆయన అందుకే కొనెను. ప్రదర్శన తెరువకముందే చిత్రకారుల ఇండ్లకు వెళ్లి, మౌనముగా చూచి, బేరమాడి కొనుట ఆయన పద్ధతి. తమ చిత్రము ప్రజలకు చెందునని యెరిగిన చిత్రకారులు తక్కువ ధరకే యిచ్చుటయు కద్దు.

దేశమునకు కీర్తి తెచ్చిన మహనీయుల రూపములు మాసిపోరాదని ఆయన వారి చిత్తరువులను వ్రాయించెను. 1872లో పెరోవ్ దొస్తొయెవ్‌స్కీని, 1873లో క్రామ్‌స్కోయ్ టాల్‌స్టాయిని చిత్రించిరి. టాల్‌స్టాయ్ మొదట చాలకాలము ఒప్పుకొనలేదు. 1881లో ఆసుపత్రి యందున్న సంగీతకర్త ముస్సోర్గ్‌స్కీని రేపిన్ చిత్రించిన కొద్దిదినములకే ఆ సంగీతకర్త కన్నుమూసెను. ఆ పటమును గూడ త్రెత్యాకోవ్ తన చిత్రశాలకు చేర్చెను.

1874లో వెరెష్చాగిన్ రచించిన తుర్కెస్తాన్ చిత్రములను 92,000 రూబుళ్లకు కొనెను. యుద్ధమునకు ఫలము కపాలముల రాశియే యని చాటు చిత్రము అందొకటి. అదే చిత్రకారుడు భారతదేశమున సంచరించి వ్రాసిన పటములలో పెక్కింటినిగూడ ఆయన సేకరించెను. ఆగ్రాలోని తాజమహలు చిత్రము వానిలో చేరినదే.

ఆయన పట్టుదలకు అసలు పరీక్ష 1885లో వచ్చెను. ఇవాన్ చక్రవర్తి తన కుమారుని కొట్టి చంపి విలపించు దృశ్యమును రేపిన్ చిత్రించగా, త్రెత్యాకోవ్ దానిని కొనెను. ప్రభుత్వము ఆ చిత్రమును ఎవరికిని చూపరాదని శాసించెను. ఆయన దానిని వదులుకొనలేదు. నిషేధము తొలగువరకు ప్రజల కంటబడకుండ భద్రపరచెను. కొన్ని మాసములలో నిషేధము తొలగెను. రెండేండ్లకే, 1887లో, ఆయన చిన్నకుమారుడు ఎనిమిదేండ్ల ప్రాయమున జ్వరముతో మరణించెను. మిగిలిన కుమారుడు జన్మతః బుద్ధిమాంద్యము గలవాడు. స్వభావముచేతనే మితభాషియైన ఆ తండ్రి అటుపై మరింత మౌనియయ్యెను. చిత్రములు కొనుట మాత్రము మానలేదు.

1892లో తమ్ముడు సెర్గేయ్ హఠాత్తుగా మరణించెను. ఆతడు తాను సేకరించిన ఐరోపా చిత్రములను మాస్కో నగరమునకు వ్రాసి యుంచెను. అంతట పావెల్ తన మరణమువరకు ఆగక, 1,300 వరకు చిత్రములను, 500కు మించిన రేఖాచిత్రములను, వానికై కట్టించిన శాలలతో సహా నగరమునకు దానముచేసెను. 1893 ఆగస్టులో, ఇరువురు సోదరుల పేరిట, ప్రవేశరుసుము లేని ఆ చిత్రశాల తెరువబడెను. 1894లో ఈ దానమును అభినందించుటకు చిత్రకారుల మహాసభ జరుగగా, ఆయన మాస్కో విడిచి వెళ్లిపోయెను. చక్రవర్తి ఇవ్వజూపిన ప్రభుపదవిని నిరాకరించెనని ప్రసిద్ధి. చెవిటి మూగ బాలల పాఠశాలను పోషించుటయు ఆయన నిశ్శబ్ద సేవలలో నొకటి.

1898 డిసెంబరులో త్రెత్యాకోవ్ కన్నుమూసెను. ఆయన కాపాడిన ఇవాన్ చిత్రము 1913లోను, మరల 2018లోను దుండగుల దెబ్బలకు గురియయ్యెను. 1918లో చిత్రశాల జాతీయము చేయబడెను. 1941లో యుద్ధభయముచే చిత్రములు దూరప్రాంతములకు తరలింపబడి, 1945 మేలో తిరిగి ప్రజల దర్శనమునకు వచ్చెను. నేడు అందు లక్షా ఎనుబదివేలకు మించిన కళాఖండములు కలవు. ధనమార్జించుట మాత్రమే వర్తకధర్మము కాదు. సమాజమునుండి వచ్చిన ధనమును ఏదో ఒక రూపమున సమాజమునకే చేర్చవలెను. త్రెత్యాకోవ్ ఈ ధర్మమును ఉపన్యసింపలేదు, ఆచరించెను.