అరణ్యమునకు వెళ్లిన రైతు

అరణ్యమనగానే మనకు చెట్లు, పొదలు, అడవి మృగములు మనస్సునకు తోచును. అయితే ప్రభువు ప్రార్థించుటకు వెళ్లిన అరణ్యమునకు సువార్తల గ్రీకు మూలములోనున్న మాట ఎరేమోస్. మనుష్యులు లేని వట్టి చోటు అని దాని అర్థము. అట్టి చోట ఒంటరిగా నివసించువానిని పూర్వపు క్రైస్తవులు ఎరెమీతేస్ అనిరి. అతనికే మరియొక పేరు అనకోరేతేస్, అనగా తొలగిపోయినవాడు. ఈ రెండు పేర్లకును మూలమైన మాటలు మత్తయి 14:13లో ఒక్కచోటనే యున్నవి. యోహాను మరణవార్త విని ప్రభువు దోనె యెక్కి తొలగి వెళ్లిన సందర్భమది. జనులు అక్కడికిని వెంబడించి వచ్చిరి. ఆయన వారిని పంపివేయక స్వస్థపరచి, భోజనము పెట్టెను.

ఐగుప్తు పల్లెలలో మాత్రము తొలగిపోవుట అను ఆ మాట చేదైనది. రోమా ప్రభుత్వపు పన్నులు కట్టలేక ఇల్లు, పొలము విడిచి పారిపోయిన రైతును గూర్చి దానిని వాడిరి. వాని బాకీ ఊరిలో మిగిలినవారి నెత్తిన పడెడిది.

ఈ పేరు పొందినవారిలో మిక్కిలి ప్రసిద్ధుడగు అంతోని ఆ పల్లెలలోనే సుమారు 251లో పుట్టెను. తలిదండ్రులు పోవునప్పటికి అతనికి 18 లేక 20 ఏండ్లు. ఒక చిన్న చెల్లెలు, 300 అరూరాల మంచి భూమి, అనగా సుమారు 200 ఎకరములు మిగిలెను. ధనవంతుడైన యౌవనునికి ప్రభువు ఇచ్చిన ఆజ్ఞను ఒకనాడు ఆరాధనలో విని, అది తనకే అనుకొని, భూమిని ఊరివారికి ఇచ్చివేసెను. సామానులమ్మి బీదలకు పంచెను. చెల్లెలికై ఉంచిన కొంచెమును పిమ్మట ఇచ్చివేసి, ఆమెను నమ్మకమైన కన్యకలకు అప్పగించెను. ఇక్కడ మన మనస్సు ఆగును. తల్లిలేని పిల్లను అట్లు విడుచుట న్యాయమా? ఆమె వృద్ధురాలై ఇతర కన్యకలకు పెద్దగా నుండుట చూచి అన్న సంతోషించెనని అతని చరిత్ర వ్రాసిన అలెక్సంద్రియ బిషప్పు అతనాసియసు చెప్పుచున్నాడు. అయినను ఆ ప్రశ్న మనకు పూర్తిగా తీరదు.

మొదట అంతోని ఊరి చెంతనే యుండి, పొరుగూరి వృద్ధుడొకనియొద్ద నేర్చుకొనుచు, చేతిపని చేసి తిని, మిగిలినది లేనివారికిచ్చెను. తరువాత సమాధులలో నివసించెను. సుమారు 285లో ఏరు దాటి, పాడుపడిన కోటలో తలుపు వేసికొనెను. ఏడాదికి రెండుమారులు పైకప్పు మీదుగా రొట్టెలు అందించెడివారు. 20 ఏండ్ల తరువాత స్నేహితులు తలుపు పగులగొట్టగా, అతడు ఆరోగ్యముగా బయటికి వచ్చి, దుఃఖపడువారిని ఓదార్చి, పగగలవారిని సమాధానపరచెను. 311లో విశ్వాసులకు హింస కలిగినప్పుడు అలెక్సంద్రియకు వెళ్లి, చెరసాలలలోను గనులలోను ఉన్నవారికి బాహాటముగా పరిచర్య చేసెను.

జనులు విస్తారముగా వచ్చుటచేత ఇంకను దూరముగా, ఎఱ్ఱ సముద్రపు వైపునున్న కొండకు వెళ్లెను. అక్కడికి రొట్టెలు మోసికొని వచ్చువారు ప్రయాసపడుట చూచి, ఒక గుద్దలి, గొడ్డలి, కొన్ని గింజలు తెమ్మనెను. కొండ క్రింద నీళ్లున్న చిన్న చెక్కను దున్ని విత్తెను. భూమి అంతయు ఇచ్చివేసిన రైతు మరల రైతాయెను! అలసి వచ్చువారికై కొంచెము కూరగాయలును వేసెను. 356లో, 105 ఏండ్ల ప్రాయమున మరణించుటకు ముందు, తనతోనున్న ఇద్దరిని పిలిచి, తనను పాతిపెట్టిన చోటు ఎవరికిని చెప్పవద్దని ఆజ్ఞాపించెను.